మోటారు ఇచ్చిన మిస్డ్ కాల్

మా తమ్ముడి పొలంలోని బోరు మోటారు రోజూ నాకు ఫోన్ చేస్తుంది. ఒక్కసారి మోగి ఆగిపోతే మోటారు ఆన్ అయిందని అర్థం. వెంటనే రెండోసారి కూడా మోగితే ఆఫ్ అయిందని. నేను ఎత్తను. ఎత్తినా అవతల మనిషి ఉండడు. పొలం తమ్ముడిది, నీళ్లు తమ్ముడివి, అయినా ఆ మోటారు గుర్తుపెట్టుకున్న మొదటి నంబరు నాది. అదెలా జరిగిందో, మధ్యలో అది ఎలా ఆగిపోబోయిందో నా డైరీల్లో ముక్కలు ముక్కలుగా ఉంది. ఒకచోట చేర్చి రాయడం ఇదే మొదటిసారి.

నేను గార్లదిన్నె వైపు మండల ఆఫీసులో గణాంకాల ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆఫీసు ఆవరణలో వర్షమాపకం ఉండేది. ఉదయం ఎనిమిదిన్నరకు అందులో నీళ్లు కొలిచి రిజిస్టరులో రాయడం నా పనుల్లో ఒకటి. ఆదివారమైనా, పండగైనా తప్పేది కాదు. ఇంటికి వచ్చాక అదే కొలతను డైరీలో మొదటి వరుసలో రాసుకునేవాణ్ణి. మా అనంతపురం జిల్లా సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, నా డైరీల్లో ఎక్కువ పేజీలు 'వాన లేదు' అనే మొదలవుతాయి. ఆ తర్వాత కూరగాయలు, బంధువులు, మోకాలి నొప్పి, పేపర్లో చదివినవి.

తమ్ముడు సేద్యం మానలేదు. అతనికి రెండు బోర్లు. ఒకటి ఎండిపోయింది, రెండోది బతికి ఉంది. ఆ రోజుల్లో సేద్యానికి కరెంటు ఎప్పుడిస్తే అప్పుడు పరుగెత్తాలి. టార్చి, కర్ర పట్టుకుని రాళ్ల గట్టు మీద పోయి స్టార్టరు నొక్కి రావాలి. ఒకసారి స్టార్టరు డబ్బా మూత తీస్తే లోపల వెచ్చగా పాము చుట్టుకుని పడుకుని ఉంది. తమ్ముడు మూత మెల్లగా వేసి, ఆ పూట నీళ్లు వద్దనుకుని ఇంటికి వచ్చాడు. మా మరదలు వారం రోజులు అతన్ని కదలనివ్వలేదు.

రోడ్డు పక్కన ఒక మెకానిక్ ఉండేవాడు. అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. అంగడిలో ఒక పక్క కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టేవాడు, ఇంకో పక్క సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. పాము సంగతి విని, ఒక పాత బటన్ల ఫోన్ తెచ్చి తమ్ముడి స్టార్టరు డబ్బాలో కూర్చోబెట్టాడు. దానికి ఎవరు ఫోన్ చేసినా మోటారు తిరిగేది. ఎవరు చేసినా అంటే నిజంగా ఎవరు చేసినా. లోను కావాలా అని అడిగే ఫోన్లకు కూడా తిరిగింది. ఒకనాడు పక్క పొలమాయన వచ్చి, "ఏమప్పా, నీ మోటరు బ్యాంకోళ్లతో మాట్లాడతాండాది, నా మడిలోకి నీళ్లు వస్తాండాయి" అని నవ్వాడు.

మెకానిక్ దాన్ని విప్పి మళ్లీ కట్టాడు. ఈసారి మూడు నంబర్లకే పలికేలా చేశాడు. ఫోన్ ఎత్తే పనిలేదు, మిస్డ్ కాల్ ఇస్తే చాలు. మా ఊళ్లో అప్పట్లో సగం సంసారాలు మిస్డ్ కాల్ మీదే నడిచేవి. ఒకటిస్తే బయలుదేరానని, రెండిస్తే బస్సు దొరకలేదని. మోటారుకూ అదే భాష నేర్పాడు.

తమ్ముడికి మాత్రం నమ్మకం కుదరలేదు.

"నేను ఇచ్చింది నాకు తెలుసు. అది ఏసుకున్నట్ల నాకెట్ల తెలిసేది? మళ్లా పోయి చూడాల్సిందే కదా?"

"నమ్మన్నా."

"నమ్మేదానికి అదేమన్నా నా పెండ్లామా?"

మెకానిక్ ఆ మాట పట్టుకుని పోయాడు. పది రోజులు కనబడలేదు. వచ్చినరోజు వాన.

ఆ వాన బాగా గుర్తుంది. దీపావళి అయ్యాక, వేరుశనగ పీకే రోజుల్లో పడింది. తమ్ముడు అంతకు రెండు రోజుల ముందే వేరుశనగ చెట్టు పీకి పొలంలో ఆరేశాడు. మబ్బులు వస్తున్నాయి, ఆగమని నేను చెప్పాను, వినలేదు. ఆదివారం ఉదయం ఆఫీసుకు పోయి వాన కొలిచి, తడుచుకుంటూ పొలానికి పోతే, తడిసిన కుప్పల మధ్య తల పట్టుకుని తమ్ముడు, బోరు దగ్గర గోనెసంచి నెత్తిన కప్పుకుని మెకానిక్. మూడు ఫేజుల కరెంటు ఆ పూట ఉంది. "సార్, మొదటి నంబరు మీదే ఎక్కించినా, మీరు రోడ్డు మీద బస్ షెల్టరు కాడికి పోయి మిస్డ్ కాల్ ఇయ్యండి, తర్వాత ఫోన్ చేతిలోనే పట్టుకోండి" అన్నాడు.

వానలో మోటారు వేస్తున్నారంటే జనం చూడకుండా ఉంటారా. చెట్టు తడిసి పనుల్లేక కూర్చున్నవాళ్లు షెల్టరు దగ్గరికి వచ్చారు. "పైన నుంచి పడేది చాల్లేదా సార్, కింద నుంచి కూడా తోడతాండారు?" అని ఒకామె అడిగింది. నేను మిస్డ్ కాల్ ఇచ్చాను. రెండు నిమిషాలు కాలేదు, నా చేతిలో ఫోన్ మోగి ఆగింది. బోరు నంబరే. పొలం వైపు చూస్తే గొట్టంలోంచి నీళ్లు. ఆఫ్ చేశాను, రెండుసార్లు మోగింది. తమ్ముడు తడిసిన పంటను ఒక నిమిషం మరిచిపోయి గట్టు మీద నుంచి చేయి ఊపాడు.

అప్పటి నుంచి మెకానిక్ ఆ డబ్బాలు చేసి ఇస్తూ వచ్చాడు. పెద్ద సంఖ్యలో కాదు, చుట్టుపక్కల పల్లెలకు. టార్చి పట్టుకుని పోయే మగవాళ్లు తగ్గారు, ఇంట్లో మేలుకుని కూర్చునే ఆడవాళ్లూ తగ్గారు. మా మరదలు అతనికి ఏటా కొత్త బెల్లంతో చేసిన వేరుశనగ ఉండలు పంపేది.

కొన్నేళ్లు గడిచాయి. నేను రిటైరయ్యాను. ఒకరోజు మధ్యాహ్నం మెకానిక్ మా ఇంటికి వచ్చాడు. చేతిలో పొడవాటి కవరు. ఇంగ్లీషు చదవమని ఇచ్చాడు. బెంగుళూరు దగ్గర స్టార్టర్లు తయారుచేసే ఒక కంపెనీ పంపిన లాయరు నోటీసు అది. మోటారు ఆన్, ఆఫ్ అయినట్టు తిరిగి మిస్డ్ కాల్ ఇచ్చే పద్ధతి మీద తమకు పేటెంటు ఉందనీ, వెంటనే తయారీ ఆపాలనీ, ఇప్పటిదాకా ఎవరెవరికి అమ్మాడో జాబితా ఇవ్వాలనీ రాశారు.

"పేటెంటంటే నేను కనిపెట్టినా అని గవర్నమెంటు కాడ రాయించుకునేదే కదా సార్?"

"అవును."

"నేను రాయించుకోలేదు. అయితే ఇది నాది కాదా?"

నోటీసు మడిచి కవరులో పెట్టి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత అతని అంగడికి పోయాను. లోపల ఒక బల్ల ఉండేది. కొత్తవి ఏం చేసినా దాని మీదే. అప్పుడు స్మార్ట్‌ఫోన్‌లో ఏ ఫేజు పోయిందో, మోటారు ఎంత కరెంటు తీసుకుంటుందో బొమ్మలాగా కనబడేలా ఒకటి చేస్తున్నాడు. ఆ బల్ల మీద తుండుగుడ్డ కప్పి ఉంది.

"ఏమప్పా, పని ఆపినావా?"

"ఏది ముట్టుకుంటే ఎవరిదో తెల్లేదు కదా సార్. ఒక వైరు కలిపితే ఇంకో కవరు వస్తుందేమో. రాగితీగ చుట్టుకుంటే ఎవురూ ఏమనరు."

ఆ తుండు ఎనిమిది నెలలు అక్కడే ఉంది. మూలన పడ్డ మిక్సీ మోటార్లు, పగిలిన ఫోన్ అద్దాలు, అంతే చేశాడు. డబ్బా పాడైందని రైతులు వస్తే బాగుచేయడానికి కూడా వెనకాడేవాడు. తమ్ముడి డబ్బాలో చీమలు దూరి పాడైతే, "అన్నా, తప్పుగా అనుకోవద్దు" అన్నాడట. తమ్ముడు మళ్లీ టార్చి వెదుక్కున్నాడు. ఆ టార్చి కొత్త సెల్లు వేసి గోడకు తగిలించడం చూసి, నేను మెకానిక్‌ను అనంతపురంలో ఒక లాయరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

ఆమె నలభై లోపు మనిషి. నోటీసు చదివి, తన స్మార్ట్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది చూడు అన్నా. దీన్ని వేలితో ఇట్ల జరిపి తెరిచేది, ఈ మూల గుండ్రంగా ఉండేది, ఈ బొమ్మలు వరసగా పేర్చేది, ఒక్కోదాని కోసం పెద్ద పెద్ద ఫోన్ కంపెనీలు దేశాలు తిరిగి కొట్లాడినాయి. నువ్వు నాది దొంగిలించినావని వీళ్లు, నువ్వే దొంగిలించినావని వాళ్లు. ఏండ్లకేండ్లు."

"ఎవురు గెలిచినారు మేడమ్?"

"ఒక కోర్టులో ఒకరు, ఇంకో కోర్టులో ఇంకొకరు. కడాకు కొన్నిట్లో రాజీ. వాళ్లకు కొట్లాడేదానికే వేరే మనుషులు ఉంటారు. ఒక పక్క కొట్లాట, ఒక పక్క కొత్త ఫోన్. నీకు ఉండేది ఒకటే బల్ల."

"దానికి తుండు కప్పినా మేడమ్."

ఆమె నవ్వలేదు. పేటెంటు చెడ్డదేమీ కాదనీ, అది లేకపోతే కనిపెట్టినవాడి దగ్గర నుంచి ఎవరైనా ఎత్తుకుపోతారనీ, అయితే కొత్తదానికే పేటెంటు ఇవ్వాలనీ విడమరిచి చెప్పింది. కంపెనీ దరఖాస్తు పెట్టిన రోజు కంటే ముందే ఈ పద్ధతి నలుగురి ముందు వాడుకలో ఉందని చూపిస్తే, ఇతని పని ఆపే హక్కు వాళ్లకు నిలవదు. బిల్లులున్నాయా అంటే మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. ఫోటోలున్నాయా అంటే, అప్పటి ఫోన్లో కెమెరా లేదు. రాసిపెట్టుకున్నారా అని అడిగింది. మెకానిక్ నా వైపు తిరిగాడు.

ఆ సాయంత్రం డైరీల బీరువా తెరిచాను. వెదుకుతుంటే ఒక డైరీలో నేనే రాసుకున్న వరుస దొరికింది: 'పేపర్లో ఫోన్ కంపెనీల కేసు. ఫోన్ మూలలు గుండ్రంగా ఉండడం ఎవరిది అని. అర్థం కాలేదు.' దాన్ని దాటి వెనక్కి పోయాను. కావలసిన పేజీ దొరికింది. ఇలా ఉంది:

'వాన: 41 మి.మీ. తమ్ముడు మొండివాడు. చెట్టు పీకవద్దంటే వినలేదు, తడిసింది. మెకానిక్ వానలోనే పరీక్ష చేశాడు. బస్ షెల్టరు నుంచి చేశాను. మోటారు నాకు మిస్డ్ కాల్ ఇచ్చింది. రెండుసార్లు చూశాం. చూసినవాళ్లు ఆరుగురు.'

ఎంత సంతోషం కలిగిందో, పేజీ పైభాగం చూశాక అంత దిగులు పుట్టింది. అచ్చయిన సంవత్సరం వేరు.

ఇది నా తప్పు. ఎరువుల అంగళ్లవాళ్లు, విత్తనాలవాళ్లు కొత్త సంవత్సరానికి డైరీలు పంచేవారు. మండల ఆఫీసులో ఉన్నవాళ్లకు ఒకటికి నాలుగు వచ్చేవి. నాకు ఒకటే కావాలి. మిగిలినవాటిని పారేయడానికి మనసొప్పక, కొన్నేళ్లు కొత్తవి అడిగినవాళ్లకు ఇచ్చేసి, పాతవాటిలోనే రాశాను. అచ్చయిన వారం పేరును గీతతో కొట్టేసి సరైన వారం చేత్తో రాసేవాణ్ణి. ఆ డైరీ నేను రాసేనాటికే రెండేళ్ల కిందటిది. సంవత్సరం దిద్దింది మొదటి పేజీలో మాత్రమే.

మెకానిక్‌కు చెబితే ఎగిరి గంతేశాడు. "ఇంకా మంచిదే కదా సార్! రెండేండ్లు ముందే చేసినట్ల అచ్చయింది!"

"వారాలన్నీ నేను కొట్టేసి దిద్దినాను కదప్పా. అవతలోళ్లకు కండ్లుండవా? ఒక్క అబద్ధం దొరికితే, నిజం కూడా అబద్ధమే అంటారు."

అతని మొహం వాడిపోయింది. లాయరమ్మకు మేమే ముందుగా చెప్పాం. ఆమె డైరీని తిప్పి తిప్పి చూసి, "దిద్దినట్టున్నది కదా సార్, ఇది ఏ సంవత్సరమో వేరే ఏదన్నా చెప్పాలి" అంది. నేను డైరీలో మొదటి వరుసలు చూపించాను. వాన లేదు, వాన లేదు, వాన లేదు, రెండు మిల్లీమీటర్లు, వాన లేదు.

వాన ఎక్కువ పడే చోట అయితే ఆ దారి దొరికేది కాదేమో. మా దగ్గర ఏడాదిలో గట్టిగా పడిన రోజులు కొద్ది. అవి ఏ రోజుల్లో పడ్డాయో, ఎంత పడ్డాయో ఒక ఏడాదిది ఇంకో ఏడాదితో కలవదు. మండల ఆఫీసుకు పోయి అర్జీ పెట్టాను. నా కుర్చీలో ఇప్పుడున్న అమ్మాయి పాత రిజిస్టరు దుమ్ము దులిపి తెచ్చింది. అట్ట చివర నల్లగా మారింది, లోపల ఇంకు నిలిచి ఉంది. డైరీలో వాన పడిన ప్రతి రోజూ, రిజిస్టరులో అదే కొలత. దీపావళి తర్వాత ఆదివారం, నలభై ఒకటి. ఆ వరుస ఎదురుగా తహసీల్దారు సంతకం. అన్నేళ్ల తర్వాత ఆ అంకె చూస్తుంటే, ఆదివారం కదా అని ఒక్కరోజైనా ఇంట్లో ఉండిపోలేదు, అదే మేలైంది అనుకున్నాను. రిజిస్టరు నకలు మీద ముద్ర వేసి ఇచ్చిన ఆ అమ్మాయి, "సార్, మీ మూలంగా నేనూ ఇంక ఆదివారాలు మానను" అంది.

లాయరమ్మ నకలు చూసి ఒక్క మాట అంది. "బాగుంది సార్. కానీ రెండు చోట్లా మీ చేతిరాతే."

ఆమె పంపిన జవాబు అందుకుని, కంపెనీ యజమాని మాట్లాడతానని ఆమె ఆఫీసుకు వచ్చాడు. వెంట వాళ్ల లాయరు. నేను సూటు వేసుకున్న మనిషిని ఊహించుకున్నాను. వచ్చినాయన యాభై దగ్గర, మామూలు చొక్కా, జేబులో రెండు ఫోన్లు. వేళ్ల మీద పాత కాలిన మచ్చలు, టంకం పెట్టేవాళ్లకు ఉండేవి. మెకానిక్ ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

ఆయన డైరీ పేజీ చదివాడు. నవ్వుతాడనుకున్నాను, తమ్ముడు మొండివాడు అని ఉంది కదా. నవ్వలేదు.

"ఈ వాన... చెట్టు పీకేటప్పుడు పడింది కదా? రెండు దినాలు ఇడవకుండా?"

"అవును."

"మాది యాడికి ఊరి కాడ సార్. ఆ వానకే మా నాయన పీకిన చెట్టంతా మురిగిపోయింది. మేతకుండే కట్టె నల్లగా అయి గొడ్లు కూడా మూతి పెట్టలేదు. ఆ యేడే నేను సేద్యం ఇడిచి బెంగుళూరు పోయి స్టార్టర్ల పనిలో చేరినా."

వాళ్ల లాయరు ఆయన మోచేయి పట్టుకున్నాడు. "మీరేం మాట్లాడొద్దు సార్, నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటావప్పా? పడిన వానను పడలేదంటానా?"

లాయరు మోచేయి వదిలేశాడు. ఆయన బెంగుళూరు పోయిన ఏడాదికీ, పేటెంటు దరఖాస్తుకీ మధ్య మూడేళ్లు ఉన్నాయి. లెక్క ఆయనకే తెలిసింది. తిరిగి మిస్డ్ కాల్ ఇచ్చే ఆలోచన తనకూ సొంతంగానే వచ్చిందని, ఎవరి దగ్గరా చూడలేదని చెప్పాడు. మెకానిక్ వెంటనే, "నమ్ముతా అన్నా. మిస్డ్ కాల్ ఇచ్చుకునేటోళ్లకు ఎవురికైనా వచ్చేదే" అన్నాడు. తర్వాత ఆగలేక అడిగాడు. "మీ డబ్బాలో బోరులో నీళ్లు అయిపోతే మోటరు దానంతటదే నిలిచిపోతుందంట కదా. అది ఎట్ల చేసినారు? నాకు రాలేదు."

ఆయన మొహం అప్పుడు విప్పారింది. "అది నాది. దానికి నాలుగేండ్లు పట్టింది."

"అది మీదే అన్నా. దాని జోలికి నేను రాలేదు, రాను."

చిన్నవాళ్ల మీద నోటీసులు ఎందుకు పంపుతున్నారని లాయరమ్మ అడిగింది. ఆయన తనకంటే పెద్ద కంపెనీ ఒకటి అంతకు ముందు తనకు అలాంటి కవరే పంపిందని, రెండేళ్లు ఫ్యాక్టరీలో కొత్త పని ఏదీ మొదలుపెట్టలేకపోయానని చెప్పాడు. చేతిలో పేటెంట్లుంటేనే బతుకుతావని, వాటిని వాడకపోతే ఉన్నా లేనట్టేనని ఎవరో చెబితే, తనూ కవర్లు పంపడం మొదలుపెట్టాడు. "ఎవురికి పోతాండాయో నేను చూసుకోలేదు" అన్నాడు మెకానిక్ వైపు చూస్తూ. బెంగుళూరులో కూడా ఒక బల్ల మీద తుండు కప్పి ఉండేదన్నమాట అనుకున్నాను.

నెలలోపు కాగితం వచ్చింది. తిరిగి మిస్డ్ కాల్ ఇచ్చే పద్ధతి మీద తమ హక్కును కంపెనీ వదులుకుంది. నీళ్లు అయిపోతే ఆగే పద్ధతి వాళ్లదే. కావాలంటే దాన్ని తన డబ్బాలో వాడుకోవడానికి మెకానిక్‌కు రాసి ఇచ్చారు. అడగకుండానే ఇచ్చారు. ఆ కాగితం చదివి వినిపిస్తుంటే మెకానిక్, "ఆ రెండో మాట మళ్లా చదవండి సార్" అన్నాడు. మూడుసార్లు చదివాను.

తుండు ఆ రోజే తీశాడు. కింద ఎనిమిది నెలల దుమ్ము లేదు. రోజూ తుడుస్తూనే ఉన్నాడట, పని మాత్రం చేయకుండా.

ఇప్పుడు తమ్ముడి బోరు మీద అతని కొత్త డబ్బా ఉంది. స్మార్ట్‌ఫోన్‌లో అన్నీ కనబడతాయి. ఏ ఫేజు ఉంది, ఏది పోయింది, నీళ్లు ఉన్నాయా లేదా. బోరులో నీళ్లు తగ్గితే మోటారు తనకు తానే ఆగుతుంది. కిందటి ఎండాకాలం ఆ ఒక్క గుణం వల్లే మోటారు కాలకుండా మిగిలింది. ముఖం కూడా ఎరగని ఆ యాడికి కంపెనీ ఆయనకు మా మరదలు ఈసారి బెల్లం ఉండలు పంపింది. తమ్ముడు మాత్రం స్మార్ట్‌ఫోన్‌ను కొడుకు పెళ్లి ఫోటోలకే వాడతాడు.

"ఆ బొమ్మలు చూసేదానికి కండ్లద్దాలు ఎదుక్కోవాల. మిస్డ్ కాల్ అయితే చెవికే వస్తుంది" అంటాడు. కేసు కాగితాల్లో తన గురించి రాసింది కూడా చదివాడు. "నన్ను మొండోడని లాయర్లకు చూపిస్తివి కదా అన్నా."

"ఆ మాట లేకుంటే ఆ పేజీ ఎవురూ నమ్మరు రా."

మొన్న కొత్త సంవత్సరం మొదటి రోజు మెకానిక్ ఇంటికి వచ్చి ఒక డైరీ చేతిలో పెట్టాడు. బయట అట్ట మీద సంవత్సరాన్ని వేలితో చూపిస్తూ, "సరింగా చూసుకోండి సార్, ఈ యేటిదే" అన్నాడు. బీరువాలో పాతవి ఇంకా రెండు మిగిలి ఉన్నాయి. అయినా తీసుకున్నాను. అతను కూర్చుని ఉండగానే మొదటి పేజీ తెరిచి రాశాను. 'వాన లేదు. మెకానిక్ వచ్చాడు. ఉదయం బోరు ఒకసారి మోగింది.'